మనం చేసుకున్న ఫంక్షన్ జనరేటర్ మొరాయిస్తే...

మేము ముగ్గురం 2006-07లో ఈ హాస్టల్‌లోనే, ఒకే గదిలో ఉంటూ, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా రెండో సంవత్సరం చదివాం. కవితలు, కథలు రాయడం మాకు చేతకాదు. అందుకే మా చేతులకు తెలిసిన సంగతి ఒకటి రాస్తున్నాం. ఆ ఏడాది మేము సొంతంగా ఒక ఫంక్షన్ జనరేటర్ చేసుకున్నాం. బిగించడానికి రెండు సాయంత్రాలు పట్టింది. అది సరిగా పనిచేయడానికి ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాల్లో మేము చేసిన తప్పులు, వాటిని పట్టుకున్న పద్ధతి ఇక్కడ చెబుతాం. ఎలక్ట్రానిక్స్ చదివే తమ్ముళ్ళకు ఇది నేరుగా పనికొస్తుంది. వేరే చదువులు చదివేవాళ్ళకు కూడా ఇందులో ఒక్క మాటైనా పనికొస్తుందని మా నమ్మకం.

ఎందుకు చేయాల్సి వచ్చింది?

ఫంక్షన్ జనరేటర్ అంటే మనకు కావలసిన ఫ్రీక్వెన్సీలో, కావలసిన ఆకారంలో విద్యుత్ తరంగాన్ని ఇచ్చే పెట్టె. ఆంప్లిఫైయర్‌ను గానీ ఫిల్టర్‌ను గానీ పరీక్షించాలంటే ముందు దీని నుంచి సిగ్నల్ ఇచ్చి, తర్వాత ఆసిలోస్కోప్‌లో ఫలితం చూస్తారు. మా ల్యాబ్‌లో అప్పుడు పనిచేసే జనరేటర్లు రెండే ఉండేవి. ఒక్కోదాని చుట్టూ పది పన్నెండు మంది మూగేవాళ్ళం. ముందు నిలబడిన వాళ్ళ చేతులే నాబ్‌ల మీదికి వెళ్ళేవి. మేము వెనక నిలబడి రీడింగులు రాసుకునేవాళ్ళం. ఎవరూ మమ్మల్ని వెనక్కు నెట్టలేదు. పాడుచేస్తే డబ్బు కట్టమంటారేమోనన్న భయంతో మేమే వెనక ఉండేవాళ్ళం.

ఆ భయం ప్రాక్టికల్ పరీక్షలో బయటపడింది. మాలో ఒకడు థియరీలో క్లాసులో అందరికంటే ముందుండేవాడు. జనరేటర్ ముందు నిలబడ్డాక ఏ నాబ్ తిప్పాలో తెలియక చెమటలు పట్టి పది నిమిషాలు అలాగే ఉండిపోయాడు. ఆ రాత్రి వాడు మెస్‌కు రాలేదు. మేమిద్దరం ప్లేటులో అన్నం పెట్టించుకుని గదికి తీసుకువెళ్ళాం. అప్పుడే అనుకున్నాం, ల్యాబ్‌లో మన వంతు వచ్చేదాకా ఆగకుండా జనరేటర్‌ను గదికే తెచ్చుకుందామని. కొనే స్తోమత లేదు కాబట్టి చేసుకుందామని.

సర్క్యూట్ ఏం చేస్తుంది?

తప్పు ఎక్కడుందో తెలియాలంటే ముందు ఒప్పు ఎలా ఉంటుందో తెలియాలి. మన హాస్టల్ మీద ఉన్న నీళ్ళ ట్యాంకును తలచుకోండి. ట్యాంకు లోపల రెండు గీతలున్నాయనుకుందాం. నీళ్ళు పై గీతను తాకగానే ఒక కుర్రాడు మోటారు ఆపుతాడు. నీళ్ళు వాడుకుంటూ ఉంటే మట్టం దిగుతుంది. కింది గీతను తాకగానే మళ్ళీ మోటారు వేస్తాడు. నీటి మట్టం ఎలా మారిందో కాగితం మీద గీస్తే ఎక్కుతూ దిగుతూ త్రిభుజాల వరస వస్తుంది. మోటారు ఎప్పుడు ఆన్, ఎప్పుడు ఆఫ్ అని గీస్తే చదరాల వరస వస్తుంది. మన సర్క్యూట్‌లో ట్రయాంగిల్ వేవ్, స్క్వేర్ వేవ్ పుట్టేది సరిగ్గా ఇలాగే.

ఒకే ఐసీలో నాలుగు ఆప్ ఆంప్‌లు ఉండే టీఎల్ 084ను ఎంచుకున్నాం. మొదటి ఆప్ ఆంప్ గీతలు చూసే కుర్రాడు, అంటే కంపారేటర్. రెండోది ట్యాంకు, అంటే ఇంటిగ్రేటర్. కుర్రాడి − పిన్ను అయిన 2 గ్రౌండ్‌కు కలిపాం. + పిన్ను అయిన 3కు రెండు రెసిస్టెన్సులు వస్తాయి. ఒకటి ట్యాంకు అవుట్‌పుట్ 7వ పిన్ను నుంచి 10 కిలో ఓమ్‌లు, రెండోది తన సొంత అవుట్‌పుట్ 1వ పిన్ను నుంచి 22 కిలో ఓమ్‌లు. ఈ రెండింటి నిష్పత్తే పై గీత, కింది గీత ఎక్కడ ఉండాలో నిర్ణయిస్తుంది. స్క్వేర్ వేవ్ 11 వోల్టులుంటే ట్రయాంగిల్ 5 వోల్టుల దాకా ఎక్కి, మైనస్ 5 దాకా దిగుతుంది. 1వ పిన్ను నుంచి 6వ పిన్నుకు 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టెన్సు, దానితో వరసలో 100 కిలో ఓమ్‌ల పాట్ ఉంటాయి. ఇది పైపు లావు. 6, 7 పిన్నుల మధ్య కెపాసిటర్ ఉంటుంది. ఇది ట్యాంకు పరిమాణం. 5వ పిన్ను గ్రౌండ్. పైపు సన్నమైనా, ట్యాంకు పెద్దదైనా నిండడానికి ఎక్కువ సేపు పడుతుంది, అంటే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది.

లెక్క కూడా సులువే. పైన చెప్పిన 10, 22 కిలో ఓమ్‌లకు ఫ్రీక్వెన్సీ = 0.55 ÷ (ఆర్ × సి). 10 కిలో ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ అయితే 550 హెర్ట్జ్. స్విచ్‌తో మార్చేలా 1, 0.1, 0.01 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్లు మూడు పెట్టుకుంటే, పాట్ తిప్పుతూ సుమారు 5 హెర్ట్జ్ నుంచి 11,700 హెర్ట్జ్ దాకా పోవచ్చు. ఆడియో పనులకు ఇది చాలు.

ఇదంతా కాగితం మీద. మేము చేసిన పెట్టె మాత్రం స్విచ్ వేయగానే మౌనవ్రతం పట్టింది.

మొదటి తప్పు: సప్లై చూడకుండా ఐసీని నిందించడం

మొదటిరోజు శబ్దం రాకపోయేసరికి ఐసీ పోయిందనుకున్నాం. రెండోది పెట్టాం. అదీ పలకలేదు. చేయి పెడితే ఐసీ చల్లగానే ఉంది గానీ పక్కనున్న రెగ్యులేటర్ ముట్టుకోలేనంత వేడిగా ఉంది.

ఈ సర్క్యూట్‌కు +12, −12 రెండూ కావాలి. ప్లస్ వైపు 7812, మైనస్ వైపు 7912 రెగ్యులేటర్లు వాడాం. రెండూ చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. కాళ్ళు మాత్రం వేరు. అచ్చు అక్షరాలు మనవైపు, కాళ్ళు కిందికి ఉండేలా పట్టుకుంటే 7812లో ఎడమ నుంచి వరసగా ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7912లో గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. మేము రెండింటినీ ఒకేలా బిగించాం. ఇంకో సంగతి, 7812 వెనకున్న లోహపు రేకు గ్రౌండ్‌కు కలిసి ఉంటుంది, 7912 రేకు ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది. కాబట్టి రెండింటినీ ఒకే అల్యూమినియం ముక్కకు నేరుగా బిగిస్తే మైనస్ సప్లై షార్ట్ అవుతుంది.

ఫిల్టర్ కెపాసిటర్ల దగ్గర కూడా జాగ్రత్త పడాలి. మైనస్ వైపు ఉండే కెపాసిటర్ ప్లస్ కాలు గ్రౌండ్‌కు రావాలి. అలవాటు కొద్దీ తిరగేసి పెడితే అది ఉబ్బి పగులుతుంది.

అందుకే పద్ధతి ఇది. ఐసీని ఎప్పుడూ నేరుగా సోల్డర్ చేయకండి, ఐసీ బేస్ పెట్టండి. ఐసీ తీసేసి ఖాళీ బేస్ మీదే మల్టీమీటర్ పెట్టి చూడండి. నల్ల ప్రోబ్ గ్రౌండ్ మీద, ఎర్ర ప్రోబ్ 4వ పిన్ను దగ్గర పెడితే +12, 11వ పిన్ను దగ్గర పెడితే −12 కనిపించాలి. రెండూ కనిపించాకే స్విచ్ ఆపి ఐసీ పెట్టాలి. ఈ రెండు కొలతలకు అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం వెచ్చించనందుకు మేము ఒక 7912, ఒక ఐసీ పోగొట్టుకున్నాం.

ఇక్కడే ఇంకో హెచ్చరిక. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైపు వచ్చేది 230 వోల్టులు. అక్కడ ఫ్యూజు తప్పనిసరిగా పెట్టండి, అతుకులన్నీ స్లీవు తొడిగి మూసేయండి. ప్లగ్గు పీకకుండా ఆ వైపు చేయి పెట్టకండి. గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని చేయకండి.

రెండో తప్పు: ఐసీ అబద్ధం చెబుతోందనుకోవడం

సప్లై బాగుపడ్డాక కూడా శబ్దం లేదు. 1వ పిన్ను దగ్గర దాదాపు −11.5, 7వ పిన్ను దగ్గర +10.5 వోల్టులు కదలకుండా నిలబడి ఉన్నాయి. మళ్ళీ ఐసీ మీదే అనుమానం. మూడో ఐసీ కొనడానికి డబ్బుల్లేవు. సంక్రాంతికి ఊరెళ్ళడానికి మాలో ఒకడు దాచుకున్న బస్సు ఛార్జీ తీసి ఇచ్చాడు. వాడు ఆ పండక్కి ఊరికి వెళ్ళలేదు. మూడో ఐసీ కూడా సరిగ్గా అవే వోల్టేజీలు చూపించింది.

వాడు పండగ పూట హాస్టల్‌లో ఒక్కడే ఉన్నాడు. ఆడటానికి తోడు లేక, సప్లై వైపు అంతా మూసేసి ఉంది కదా అని, మల్టీమీటర్‌తో ఒక్కో పిన్నూ కొలిచి నోటుబుక్కులో పట్టిక రాశాడు. అంతకుముందు మేము అవుట్‌పుట్‌లు మాత్రమే చూశాం. వాడు ఇన్‌పుట్‌లు కూడా చూశాడు. 3వ పిన్ను సున్నా. 2వ పిన్ను మూడున్నర వోల్టులకు పైగా ప్లస్.

ఆప్ ఆంప్‌కు తెలిసిన నియమం ఒక్కటే. + పిన్ను వోల్టేజీ ఎక్కువగా ఉంటే అవుట్‌పుట్ పైకి పోతుంది, − పిన్ను ఎక్కువగా ఉంటే కిందికి పోతుంది. ఇక్కడ − పిన్ను ఎక్కువగా ఉంది, అవుట్‌పుట్ కిందికి పోయింది. అంటే ఐసీ చెప్పిన పని చక్కగా చేస్తోంది. చెప్పినవాళ్ళే తప్పు చెప్పారు. గ్రౌండ్‌కు పోవాల్సింది 2, రెసిస్టెన్సులు రావాల్సింది 3. మేము తారుమారు చేశాం. పుస్తకంలో మామూలుగా ఆప్ ఆంప్ బొమ్మలో − గుర్తు పైన గీస్తారు. ఈ సర్క్యూట్ బొమ్మలో + పైన ఉంది. మేము గుర్తు చూడలేదు, అలవాటు చూశాం.

ట్యాంకు భాషలో చెప్పాలంటే, మా కుర్రాడు నీళ్ళు నిండగానే మోటారు ఆపకుండా ఇంకా గట్టిగా తిప్పుతున్నాడు. ట్యాంకు పొర్లి అక్కడే ఆగిపోయింది. తీగ మార్చి సోల్డర్ చేయగానే ఇయర్‌ఫోన్‌లో కూత వినిపించింది. పండక్కి ఊరెళ్ళి వచ్చిన మా ఇద్దరికీ వాడు గది తలుపు దగ్గరే ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టి వినిపించాడు. అరిసెల డబ్బా వాడి చేతిలో పెట్టాం.

గుర్తుంచుకోండి. అవుట్‌పుట్ కదలకుండా నిలిచిపోతే ఐసీని మార్చే ముందు దాని రెండు ఇన్‌పుట్‌లు కొలవండి. ఇన్‌పుట్‌ల ప్రకారమే అవుట్‌పుట్ ఉంటే ఐసీ మంచిదే, తప్పు వైరింగ్‌లో ఉంది. ఇన్‌పుట్‌లకు విరుద్ధంగా అవుట్‌పుట్ ఉంటే అప్పుడు ఐసీని అనుమానించండి.

ఆసిలోస్కోప్ లేనివాళ్ళ ఉపాయం: నెమ్మదింపజేసి చూడటం

వెయ్యి హెర్ట్జ్ అంటే సెకనుకు వెయ్యిసార్లు. మల్టీమీటర్ అంత వేగాన్ని చూపించలేదు. ఆసిలోస్కోప్ మాకు లేదు. అప్పుడు తట్టిన ఉపాయమే ఈ వ్యాసంలో మేము మీకిచ్చే అన్నింటికంటే విలువైన వస్తువు. వేగంగా జరిగేది కనిపించకపోతే దాన్ని నెమ్మదింపజేయాలి.

22 మైక్రోఫారడ్‌ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు రెండు తీసుకుని వాటి మైనస్ కాళ్ళను ఒకదానికొకటి కలపండి. మిగిలిన రెండు ప్లస్ కాళ్ళ మధ్య మీకు 11 మైక్రోఫారడ్‌లు వస్తాయి. దీన్ని ఎటు తిప్పి పెట్టినా ఇబ్బంది లేదు. ఒక్క ఎలక్ట్రోలిటిక్‌నే పెట్టకూడదు, ఎందుకంటే ఇక్కడ వోల్టేజీ ప్లస్, మైనస్ రెండువైపులా మారుతుంది. 1 మైక్రోఫారడ్ రేంజికి కూడా ఇందుకే పాలియెస్టర్ కెపాసిటర్ వాడాలి. ఈ 11 మైక్రోఫారడ్‌లను 6, 7 పిన్నుల మధ్య పెట్టి పాట్‌ను చివరిదాకా తిప్పితే, లెక్క ప్రకారం దాదాపు 0.48 హెర్ట్జ్ వస్తుంది. అంటే ఒక సెకను పైకి, ఒక సెకను కిందికి.

1వ పిన్ను నుంచి 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టెన్సు ద్వారా ఎర్ర ఎల్‌ఈడీ ఒకటి, పచ్చది ఒకటి, ఎదురెదురుగా గ్రౌండ్‌కు కలపండి. రెండూ మార్చి మార్చి వెలుగుతాయి. అదే స్క్వేర్ వేవ్. 7వ పిన్ను దగ్గర ముల్లు మీటరు పెడితే ముల్లు నిదానంగా ఎక్కి నిదానంగా దిగుతుంది. అదే ట్రయాంగిల్. ప్లస్, మైనస్ రెండూ చూపించే డిజిటల్ మీటరైతే అంకెలు ఎక్కడిదాకా వెళ్ళి తిరుగుతున్నాయో చూడండి, మీ గీతలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. ఒక ఎల్‌ఈడీ ఎక్కువసేపు, రెండోది తక్కువసేపు వెలిగితే ప్లస్, మైనస్ వైపులు సమానంగా లేవని అర్థం. మా గదిలో ఆ రెండు దీపాలు వెలుగుతుంటే చూడటానికి రెండు ఫ్లోర్ల పిల్లలు వచ్చారు. ట్రయాంగిల్ వేవ్ అంటే ఏమిటో మాకూ నిజంగా అర్థమైంది ఆ రాత్రే.

శబ్దం వింటూ కూడా చాలా చెప్పవచ్చు. ఒకే ఫ్రీక్వెన్సీలో స్క్వేర్ వేవ్ కర్ణకఠోరంగా, ట్రయాంగిల్ మెత్తగా, సైన్ వేవ్ పిల్లనగ్రోవిలా ఉంటుంది. కారణం హార్మోనిక్స్. స్క్వేర్‌లో మూడో హార్మోనిక్ అసలు తరంగంలో మూడో వంతు ఉంటుంది. ట్రయాంగిల్‌లో అది తొమ్మిదో వంతే. సైన్‌లో ఉండనే ఉండదు. ట్రయాంగిల్‌ను రెసిస్టెన్సు ద్వారా పంపి, ఎదురెదురుగా పెట్టిన రెండు 1ఎన్4148 డయోడ్లతో కొనలు మొద్దుబారిస్తే దాదాపు సైన్ వేవ్ వస్తుంది. అది ఇంకా ట్రయాంగిల్‌లాగే వినిపిస్తే డయోడ్లకు అందే వోల్టేజీ చాలదు. కరకుగా వినిపిస్తే మోతాదు మించి కొనలు బల్లపరుపుగా కోసుకుపోతున్నాయి. మధ్యలో ఒక ప్రీసెట్ పెట్టి చెవితో సరిచేసుకోవచ్చు. ఇయర్‌ఫోన్‌కు మాత్రం 1 కిలో ఓమ్ రెసిస్టెన్సు తప్పక పెట్టండి. స్పీకర్‌ను నేరుగా నడిపే శక్తి ఆప్ ఆంప్‌కు లేదు.

మూడో తప్పు: రేంజ్ స్విచ్ మార్చినా అదే కూత

ఇది చిన్నదే. కెపాసిటర్ మీద 104 అని ఉంటే 10 పక్కన నాలుగు సున్నాలు, అన్ని పికోఫారడ్‌లు, అంటే 0.1 మైక్రోఫారడ్. 103 అంటే 0.01. మేము రెండు చోట్లా 104 పెట్టాం. ఫ్రీక్వెన్సీ సరిగ్గా పదో వంతో, పదిరెట్లో తేడా వస్తే తిన్నగా కెపాసిటర్ మీది అంకెలు చదవండి.

నాలుగో తప్పు: పిన్నులు ఒకటైతే ఐసీ ఒకటే అనుకోవడం

తక్కువ ఫ్రీక్వెన్సీల్లో పెట్టె బాగానే పాడుతోంది. పైకి పోయేకొద్దీ నాబ్ తిప్పినా కూత పెరగడం లేదు. ఒక శనివారం ల్యాబ్ అసిస్టెంట్ గారిని బతిమాలి కాలేజీ ఆసిలోస్కోప్ మీద పెట్టాం. ఆయన తెరను చూసి నవ్వి, "ఇది స్క్వేర్ కాదు నాయనా, పెంకుటింటి కప్పు" అన్నారు. నిలువుగా ఉండాల్సిన గోడలు ఏటవాలుగా ఉన్నాయి. 11,700 రావాల్సిన చోట 5,700 హెర్ట్జ్ దగ్గర ఆగింది. 5 వోల్టుల దగ్గర తిరగాల్సిన ట్రయాంగిల్ ఏడున్నర దాకా పోతోంది.

ఐసీ తీసి చూస్తే దాని మీద 324 అని ఉంది. కోఠి గుజరాతీ గల్లీ నుంచి మా కోసం సామాను తెచ్చిన మిత్రుడు 084 అడిగితే, అది లేదు, ఇదీ అదే, పిన్నులు ఒకటే అని దుకాణంలో ఇచ్చారట. పిన్నులు ఒకటే అన్నది నిజం. కానీ ఎల్‌ఎం 324 అవుట్‌పుట్ మైక్రోసెకనుకు అర వోల్టే మారగలదు. దీన్నే స్లూ రేట్ అంటారు. ప్లస్ 11 నుంచి మైనస్ 11కు, అంటే 22 వోల్టులు మారడానికి 44 మైక్రోసెకన్లు కావాలి. మాకు కావలసిన 11,700 హెర్ట్జ్‌లో సగం చుట్టు మొత్తం కలిపి 43 మైక్రోసెకన్లే. గోడ కట్టడానికే పుణ్యకాలం అంతా గడిచిపోతోంది. టీఎల్ 084 అయితే మైక్రోసెకనుకు దాదాపు 13 వోల్టులు మారుతుంది, రెండు మైక్రోసెకన్లు కూడా పట్టదు.

మళ్ళీ ట్యాంకు దగ్గరకే వెళ్దాం. నీళ్ళు గీతను తాకాయని తెలిసినా మన కుర్రాడు మెట్లు నిదానంగా దిగి స్విచ్ దగ్గరకు వెళ్తున్నాడు. ఈలోగా నీళ్ళు గీత దాటి పోతున్నాయి, ఒక్కో చుట్టుకూ ఆలస్యమవుతోంది. ట్యాంకు పెద్దదైతే ఈ ఆలస్యం కనిపించదు, చిన్నదైతే కనిపిస్తుంది. అందుకే తక్కువ ఫ్రీక్వెన్సీలో ఏ లోపమూ తెలియలేదు. 084 తెచ్చి పెట్టగానే గోడలు నిలువుగా లేచాయి.

ఐదో తప్పు: సాయంత్రం వచ్చి తెల్లారేసరికి పోయే గురగుర

అన్నీ అయ్యాయనుకున్నాక కొత్త రోగం. కూత వెనక గురగురమని ఒక మోత. అతుకులన్నీ మళ్ళీ వేడిచేశాం, గ్రౌండ్ తీగలు మార్చాం. పోలేదు. ఇంటర్ చదివే తమ్ముడొకడు రోజూ నాలుగింటికి లేచి చదువుకునేవాడు. వాడన్నాడు, "అన్నా, తెల్లవారుజామున పెట్టి చూశాను, శుభ్రంగానే ఉంది కదా. మీరు వింటున్న మోత ఏది?"

ఆ మాటతో సగం చిక్కు వీడింది. వాడి మాట నిజమా కాదా అని రెండు పూటలా కొలిచాం. నాబ్ తిప్పితే కూత మారుతోంది, మోత మారడం లేదు. కాబట్టి మోత పుట్టేది తరంగం చేసే చోట కాదు. సాయంత్రం ఏడింటికి 7812 అవుట్‌పుట్ 12కు బదులు 10.7 చూపింది. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ దగ్గర ఏసీ 12 ఉండాల్సింది 9.4 ఉంది. లెక్క వేస్తే మెయిన్స్ 230 బదులు 180 దగ్గరకు పడిపోయిందని తేలింది. ఊరంతా లైట్లు, టీవీలు వేసే వేళ అది. 9.4 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే డయోడ్ పోగా దాదాపు 12.6 వోల్టులే వస్తాయి. 7812 తన పని చేయాలంటే ఇన్‌పుట్ కనీసం 14 వోల్టులుండాలి. అది చాలనప్పుడు రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది. రెక్టిఫైయర్ నుంచి వచ్చే 100 హెర్ట్జ్ ఎత్తుపల్లాలు నేరుగా లోపలికి వచ్చేస్తాయి. అదే ఆ మోత.

మందు సులువు. 12-0-12 బదులు 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్. 180 వోల్టుల కరెంటులో కూడా దాదాపు 16 వోల్టులు అందుతాయి. కరెంటు బాగున్నప్పుడు 20 దాటుతుంది కాబట్టి ఫిల్టర్ కెపాసిటర్లు 25 కాకుండా 35 వోల్టులవి పెట్టాలి. ఒక్క మాట. 100 హెర్ట్జ్ మోత అయితే సప్లైని చూడండి. 50 హెర్ట్జ్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరగా పోతున్న తీగలను, తెగిన గ్రౌండ్‌ను చూడండి.

గది గోడకు అంటించిన కాగితం

ఐదు వారాల తర్వాత మేము ఒక కాగితం రాసి గోడకు అంటించాం.

1. ముందు కళ్ళతో చూడు. తిరగబడ్డ కెపాసిటర్, పొడి అతుకు, మరిచిన తీగ కంటికే దొరుకుతాయి.
2. ఐసీ తీసి సప్లై కొలువు. ప్లస్, మైనస్ రెండూ.
3. అవుట్‌పుట్ ఒక్కటే చాలదు, ఇన్‌పుట్‌లు కూడా కొలిచి పట్టిక రాయి.
4. కనిపించకపోతే నెమ్మదింపజేసి చూడు.
5. ఒకసారి ఒక్కటే మార్చు. రెండు మారిస్తే ఏది బాగుచేసిందో తెలియదు.
6. ఐసీ మీది అంకెలు నువ్వే చదువు.
7. తప్పు ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది? చిన్నవాడు చెప్పినా విను.

ఆ పెట్టె ఏం చేసిపెట్టింది?

ఆ సంవత్సరం వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం మన హాస్టల్ ఆంప్లిఫైయర్ పలకలేదు. వార్డెన్ గారు అద్దెకు తెమ్మన్నారు. మేము అరగంట అడిగి మా పెట్టెను తీసుకువెళ్ళాం. మైకు ఇన్‌పుట్‌కు 5 వోల్టులు ఇవ్వకూడదు కనుక 10 కిలో ఓమ్‌లు, 100 ఓమ్‌లతో సిగ్నల్‌ను దాదాపు నూరో వంతుకు తగ్గించి, మధ్యలో ఒక కెపాసిటర్ పెట్టాం. వాల్యూమ్ కంట్రోల్ దగ్గర 1,000 హెర్ట్జ్ ఇస్తే స్పీకర్ కూసింది. ఒక అడుగు వెనక్కు, మైకు ఆంప్లిఫైయర్ అవుట్‌పుట్ దగ్గర ఇస్తే కూయలేదు. ఆ రెండింటి మధ్య ఉన్నది ఒకే ఒక కప్లింగ్ కెపాసిటర్. దాని కాలు అతుకు నుంచి ఊడి ఉంది. సాయంత్రం కార్యక్రమం అదే ఆంప్లిఫైయర్‌తో జరిగింది.

తర్వాతి ప్రాక్టికల్ పరీక్షలో మా టేబుల్ మీది జనరేటర్ నుంచి సిగ్నల్ రాలేదు. అంతకుముందు పది నిమిషాలు చూస్తూ నిలబడ్డవాడే, ఈసారి ఎవర్నీ పిలవకుండా సప్లై దీపం చూశాడు, రేంజ్ చూశాడు, కేబుల్‌ను మల్టీమీటర్‌తో చూశాడు. కేబుల్ లోపల తీగ తెగి ఉంది. వేరేది అడిగి తీసుకుని ప్రయోగం చేశాడు. ఎగ్జామినర్ గారు ఏమీ అనలేదు, మార్కులు వేశారు. ఆ రాత్రి మెస్‌లో అందరికంటే ముందు కూర్చున్నది వాడే.

తమ్ముళ్ళూ, ఇప్పుడు కాలం మారింది. ఎక్స్‌ఆర్ 2206 ఐసీతో తయారైన కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఫోన్‌లోనే తరంగాన్ని చూపే యాప్‌లున్నాయి. ఫోన్ మైకు ఇన్‌పుట్‌కు ఇచ్చేటప్పుడు మాత్రం పైన చెప్పినట్టు సిగ్నల్ తగ్గించి ఇవ్వండి. పనిముట్లు ఏవైనా తప్పు వెతికే వరస మాత్రం అదే. మాలో ఒకరు సబ్‌స్టేషన్‌లో, ఒకరు పాలిటెక్నిక్ ల్యాబ్‌లో, ఒకరు మొబైల్ టవర్ల నిర్వహణలో పనిచేస్తున్నాం. ఈ రోజుకీ ఏ యంత్రం మొరాయించినా ముందు సప్లై కొలుస్తాం, తర్వాత పట్టిక రాస్తాం.

ల్యాబ్‌లో వెనక నిలబడే తమ్ముళ్ళకు చివరి మాట. వస్తువు పాడవుతుందని భయపడి చేతులు వెనక్కు పెట్టుకోకండి. మేము మూడు ఐసీలు, ఒక రెగ్యులేటర్ ఖర్చు చేసి నేర్చుకున్నది మీకు ఈ నాలుగు పేజీల్లో ఉచితంగా ఇచ్చాం. మీరు కొత్త తప్పులు చేయండి, వాటిని పట్టుకోండి. వచ్చే సంచికలో మాకు రాయండి.

మీ పూర్వ విద్యార్థులు ముగ్గురు